పెతీత్‌కి ఎన్ని అక్షరాలు?

ఫ్రెంచి నేర్చుకునేవాళ్లకి మొదటి వారంలోనే ఎదురయ్యే విశేషణం ‘పెతి’. చిన్న అని అర్థం. పిల్లవాడైతే పెతి, పిల్లయితే పెతీత్. పుంలింగ రూపం చివర ‘త్’ రాస్తారు, పలకరు. స్త్రీలింగంలో ఆ ‘త్’ తరవాత ఇంకో అచ్చు చేర్చి రాస్తారు. ఆ అచ్చునీ పలకరు గానీ, దాని పుణ్యమా అని ముందున్న ‘త్’ పైకి వినిపిస్తుంది. హైదరాబాదులో నా దగ్గరికి సాయంత్రం క్లాసులకి నర్సులు వస్తారు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు వస్తారు, క్యూబెక్ వెళ్దామని కాగితాలు పెట్టుకున్న భార్యాభర్తలు వస్తారు. ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: ‘‘పలకనప్పుడు రాయడం దేనికి మేడమ్?’’

అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఇవాళ్టి సంగతి చూద్దాం. అక్షరం అంటే ఇక్కడ ఛందస్సులో లెక్కపెట్టే అక్షరం అనుకోండి. పారిస్‌లో ఈ మాటని విడిగా పలకమంటే రెండక్షరాలు: పె-తీత్. అదే మనిషి ఇంట్లో మాట్లాడుతూ ముందు ‘ల’ అనే ఆర్టికల్ చేర్చాడంటే ‘లప్తీత్’ అంటాడు. మొదటి అచ్చు కూడా ఎగిరిపోయింది. విశేషణం వాటాకి మిగిలింది ఒక్క అక్షరం. ‘ల’ తీసేసి ‘యున్’ పెట్టండి, పోయిన అచ్చు తిరిగి వస్తుంది: యున్ పెతీత్. ఎందుకంటే న్, ప్, త్ మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి పడితే ఫ్రెంచి నోరు ఇబ్బంది పడుతుంది. మోరిస్ గ్రామోఁ అనే భాషాశాస్త్రవేత్త 1894లో దీన్ని ‘మూడు హల్లుల సూత్రం’గా రాసిపెట్టాడు. ఇక నాటకశాలకి వెళ్లి నాటకకర్త రసీన్ పద్యం చెబుతున్న నటిని వినండి. తరవాతి మాట హల్లుతో మొదలైతే ఆమె పె-తీ-త అని మూడక్షరాలూ చెప్పితీరాలి, లేకపోతే పాదం కుంటుపడుతుంది. అలా ఒకే మాటకి ఒకటీ, రెండూ, మూడూ. మూడు లెక్కలూ సరైనవే.

ఆ చివరి అచ్చుని ఫ్రెంచివాళ్లు మూగ అచ్చు అంటారు. నేనూ అలాగే అంటాను.

పన్నెండో శతాబ్దంలో అది మూగది కాదు. అప్పటి ఉత్తర ఫ్రాన్స్‌లో రాసిందంతా పలికేవారు. పెతిత్ అని రాస్తే చివరి ‘త్’తో సహా పలికేవారు, పెతీత అని రాస్తే మూడక్షరాలూ పలికేవారు. తరవాతి శతాబ్దాల్లో చివరి హల్లులు రాలడం మొదలైంది, కాని ఒకేసారి అన్నిచోట్లా రాలలేదు. ముందు, తరవాతి మాట హల్లుతో మొదలైనప్పుడు రాలాయి. అచ్చు వచ్చినా, వాక్యం అక్కడ ఆగినా నిలిచాయి. పదహారో శతాబ్దం దాకా ఈ ఏర్పాటు నడిచింది. దాని ఆనవాలు ఈనాటికీ అంకెల్లో కనిపిస్తుంది. పదిని విడిగా అంటే ‘దిస్’, హల్లు ముందు ‘ది’, అచ్చు ముందు ‘దిజ్’.

పెతిలో ‘త్’ కూడా అచ్చు ముందు ఇంకా బతికే ఉంది. ‘అమి’ అంటే స్నేహితుడు. పెతి, అమి కలిస్తే పెతితమి. విడదీస్తే పె-తి-త-మి. హల్లు తన మాటని వదిలేసి పక్కమాట అచ్చుతో అక్షరం కట్టింది. ఇది చెప్పగానే తెలుగు మీడియంలో చదివిన పిల్లల మొహాలు వెలుగుతాయి. వాళ్లకి ద్రుతం తెలుసు. ‘వచ్చెన్’ పక్కన ‘అతడు’ చేరితే ‘వచ్చెనతడు’ అవుతుందని పద్యాల్లో చదువుకున్నారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇదే విషయం పట్టించడానికి నాకు రెట్టింపు సమయం పడుతుంది.

మూగ అచ్చు సంగతికి వస్తాను. అది ఎప్పుడు నీరసించిందో మనకి తెలియజేసినవాళ్లలో మొదటి వరసలో ఉన్నది ఒక ఇంగ్లీషువాడు. జాన్ పాల్స్‌గ్రేవ్ అని, ఎనిమిదో హెన్రీ చెల్లెలు మేరీకి ఫ్రెంచి చెప్పిన మాస్టారు. ఆ పిల్ల 1514లో ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీని పెళ్లాడింది. పాల్స్‌గ్రేవ్ 1530లో ఇంగ్లీషువాళ్ల కోసం పెద్ద ఫ్రెంచి వ్యాకరణం అచ్చువేశాడు. మాట చివర వచ్చే ఈ అచ్చు ఇంచుమించు ‘ఒ’లా, బాగా ముక్కుతో పలుకుతుందని అందులో రాశాడు. పరాయివాళ్లకి నేర్పేవాడు కాబట్టి చెవిన పడ్డది పడ్డట్టు రాశాడు. సొంత భాషని వర్ణించేవాళ్లకి అంత ఓపిక అరుదు. ఫ్రెంచి పంతులమ్మగా నాకు ఆయన మీద ప్రత్యేకమైన గౌరవం.

అదే తరంలో ఫ్రాన్స్‌లో లిపి గొడవ రేగింది. లియోఁ నగరంవాడు లూయీ మెగ్రె 1550లో ఒక వ్యాకరణం వేశాడు. పలికినట్టే రాయాలని ఆయన పట్టు. పలకని హల్లులు తీసేశాడు, అచ్చులకి కొత్త గుర్తులు పెట్టాడు. అదే ఏడు జాక్ పెల్తియే అనే కవి ఇదే ఆశయంతో ఇంకో పుస్తకం తెచ్చాడు, కాని ఇద్దరి లిపులూ కలవలేదు. ఎవరి ఊరి పలుకుబడి వాళ్లది. లియోఁ పలుకు రాయాలా, పారిస్ పలుకు రాయాలా అన్న దగ్గర బండి ఆగిపోయింది. మన దగ్గర గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కోసం పోరాడినప్పుడు అవతలివాళ్లు వేసిన ప్రశ్న కూడా ఇదే: ఏ జిల్లా వ్యావహారికం?

1635లో ఫ్రెంచి అకాడమీ ఏర్పడింది. నిఘంటువు తయారు చేసేటప్పుడు ఏ లిపి పాటించాలో తేల్చడానికి 1673లో మెజ్రే అనే చరిత్రకారుడు ఒక పత్రం రాశాడు. పాత లిపినే ఉంచాలన్నాడు. చదువుకున్నవాళ్లని అజ్ఞానుల నుంచీ, మామూలు ఆడవాళ్ల నుంచీ అది వేరుచేస్తుందని అందులో ఒక కారణం. 1694లో వచ్చిన మొదటి నిఘంటువు చాలామటుకు ఆ దారినే పోయింది. ఈ కారణం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నా క్లాసులో ముప్పాతిక మంది ఆడపిల్లలే. ఎవరిని దూరం పెట్టడానికి ఆ పలకని హల్లుల్ని కాపాడారో వాళ్లే ఇవాళ వాటిని పొల్లు పోకుండా రాసి పరీక్షలు పాసవుతున్నారు.

మరో వైపు నుంచి చూస్తే ఆ పాత లిపి లేకపోతే రసీన్ పద్యం చదవలేం. ఫ్రెంచి పద్యానికి గురులఘువులు లేవు, అక్షరాల లెక్కే ఉంది. పెద్ద నాటకాల పాదానికి పన్నెండు, ఆరో అక్షరం దగ్గర విరుపు. మూగ అచ్చు తరవాత హల్లు వస్తే లెక్కలోకి వస్తుంది, అచ్చు వస్తే కలిసిపోతుంది, పాదం చివర వస్తే పలికినా లెక్కకి రాదు. అలా చివర మూగ అచ్చు ఉన్న ప్రాసని స్త్రీ ప్రాస అన్నారు, లేనిదాన్ని పురుష ప్రాస అన్నారు. పదహారో శతాబ్దంలో రోన్సార్ అనే కవి కాలం నుంచి ఈ రెండూ ఒకదాని తరవాత ఒకటి రావడం ఆచారమైంది. 1677లో రసీన్ ‘ఫెద్ర్’ నాటకం ఆడేనాటికి పారిస్ వీధుల్లో ఈ అచ్చు బాగా బలహీనపడింది. రంగస్థలం మీద మాత్రం నటులు దాన్ని వదల్లేదు. 1680లో పద్నాలుగో లూయీ ఆజ్ఞతో కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాల ఏర్పడింది. అక్కడ గురువు నోటినుంచి శిష్యుడికి వచ్చిన విద్యల్లో ఈ అచ్చుని ఎంత పలకాలన్నది ఒకటి. గట్టిగా అంటే మోటు, మింగేస్తే పాదంలో పదకొండే. పెదవులు కాస్త ముందుకి చాచి, గొంతు తగ్గించి, హల్లుని వదిలేటప్పుడు ఊపిరిలా వదలాలి. క్లాసులో ఈ పని చేయించడానికి నేను పిల్లల చేత వేళ్ల మీద పన్నెండు లెక్కపెట్టిస్తాను. లెక్క తగ్గిందంటే ఎక్కడో ఒక మూగ అచ్చు మింగేశారన్నమాట.

1761లో ఒక ఇటాలియన్ పెద్దమనిషి, దెయొదాతి అని, తన భాష గొప్పతనం గురించి పుస్తకం రాసి వోల్టేర్‌కి పంపాడు. ఇటాలియన్ మాటలు మన తెలుగు మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి. ఆ సంగీతం ముందు ఫ్రెంచి ఎండిపోయిన భాష అన్న మాట అప్పటికే ప్రచారంలో ఉంది. వోల్టేర్ ఉత్తరం రాస్తూ ఈ మూగ అచ్చుల్నే సాక్ష్యానికి పిలిచాడు. హార్ప్‌సికార్డ్ మీట మీంచి వేలు తీశాక కూడా నాదం కాసేపు నిలిచినట్టు, మాట అయిపోయాక చెవిలో మిగిలే ధ్వని ఇదేనన్నది ఆయన వాదం. ఆ సంవత్సరానికి కూడా ఈ అచ్చు విద్యావంతుల చెవికి వినబడుతూనే ఉందని అందులోంచి మనకి తెలుస్తుంది.

నాటకశాల తరవాత ఈ అచ్చుని గుర్తుంచుకున్నది అచ్చాఫీసు. పంక్తి చివర చోటు చాలక మాట విరిచి హైఫన్ పెట్టాల్సి వస్తే ఎక్కడ విరవాలి? ‘పెతీత్’ని పె దగ్గర విరిచి మిగతాది కింది పంక్తికి తీసుకుపోవచ్చు. చివరి ‘త్’నీ మూగ అచ్చునీ మాత్రమే కిందికి దించడం ఫ్రెంచి కంపోజిటర్‌కి నిషిద్ధం. రాతలో అది మూడో అక్షరమే, కాని చదివేవాడి నోటికి అక్కడ ఏమీ లేదు. పలకని ముక్క పంక్తి మొదట్లో కూర్చుంటే కన్ను తడబడుతుంది. ఈ నియమం నాకు చాలా ఇష్టం. సీసం అక్షరాలు స్టిక్కులో పేర్చే మనిషి వ్యాకరణ పండితుడు కాకపోవచ్చు, కాని చదువరి నోరు ఎక్కడ ఆగుతుందో అతని వేళ్లకి తెలుసు.

అటువంటి అచ్చాఫీసు మనిషే ఒకడు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద పని చేశాడు. ఎదువార్ లెయోఁ స్కోత్ ద మార్తాఁవీల్. 1817లో పారిస్‌లో పుట్టాడు. వృత్తి ప్రూఫులు దిద్దడం. షార్ట్‌హ్యాండ్ చరిత్ర మీద 1849లో పుస్తకం కూడా రాశాడు. మాటని ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎలా దించాలన్నదే ఆయన ధ్యాస. లోంజే అనే వైద్యుడు రాసిన శరీరశాస్త్ర గ్రంథానికి ప్రూఫులు చూస్తున్నప్పుడు ధ్వనిని తనంతట తానే రాసుకునే యంత్రం చేయవచ్చన్న ఊహ తట్టింది. చెవిలో కర్ణభేరి ఉన్నట్టే ఒక పల్చటి పొర, దానికి పంది వెంట్రుక, ఎదురుగా దీపం మసి పట్టించిన కాగితం చుట్టిన గొట్టం. మాట్లాడితే పొర కదులుతుంది, వెంట్రుక మసి మీద గీత గీస్తుంది. 1857లో పేటెంటు తీసుకున్నాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌కి ఇరవై ఏళ్ల ముందు. తిరిగి వినిపించాలని ఆయన అనుకోలేదు. గీతని చూసి మాటని చదవాలన్నదే ఆశ.

1860 ఏప్రిల్ 9న ఆయన ఆ యంత్రం ముందు ‘ఓ క్లేర్ ద ల ల్యూన్’ అనే పిల్లల పాటని మసి మీద పట్టాడు. కాగితాలు పారిస్ విజ్ఞాన అకాడమీ భాండాగారంలో ఉండిపోయాయి. 2008లో అమెరికా పరిశోధకులు వాటిని స్కాన్ చేసి, లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో కంప్యూటర్ సాయంతో గీతని ధ్వనిగా మార్చారు. మొదట అమ్మాయి గొంతులా వినిపించింది. స్కోత్ రాసిపెట్టిన కంపనాల లెక్కని సరిగ్గా అర్థం చేసుకున్నాక, రెట్టింపు వేగంతో వాయించామని తేలింది. వేగం తగ్గించి వింటే మగగొంతు, బహుశా స్కోత్ గొంతే.

ఆ పాట పేరులోని ఆఖరి మాట చూడండి. ల్యూన్ అంటే చందమామ. మాట్లాడేటప్పుడు పారిస్‌లో ఒక్క అక్షరం. వరసలో మన స్వరాలతో చెప్పాలంటే స స స రి గా రీ. ‘ల్యూ’ గాంధారం మీద, మూగ అచ్చు మోసే ‘న’ రిషభం మీద. దానికీ సొంత స్వరం ఉంది, పైగా అది చిన్న స్వరమేమీ కాదు, ముందుదానితో సమానంగా నిలిచేది. మాటలో పోయిన అక్షరాన్ని పాట వదులుకోలేదు. మన చెవికి వినిపించగల మానవ స్వరాల్లో ఈనాటికి అతి పాతవాటిలో ఒకటైన ఈ ముక్క పాట రూపంలో మిగలడం ఫ్రెంచి ఛందస్సుని ప్రేమించేవాళ్లకి దక్కిన వరం. స్కోత్ 1879లో పోయాడు. ఎడిసన్‌కి పేరు వచ్చినందుకు నొచ్చుకుని అంతకుముందు ఏడాది తన ఖర్చుతో ఒక పుస్తకం వేసుకున్నాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తరవాత పనులు వేగంగా నడిచాయి. 1886లో పోల్ పాసీ పారిస్‌లో ఫొనెటిక్స్ ఉపాధ్యాయుల సంఘం పెట్టాడు. ప్రపంచమంతా వాడే ధ్వని లిపి దాన్నుంచే వచ్చింది. 1897 నుంచి నాలుగేళ్లపాటు ఎద్మోఁ ఎద్మోఁ అనే కిరాణా వ్యాపారి 639 చోట్లకి తిరిగి పల్లె పలుకులు రాసుకొచ్చాడు. భాషాశాస్త్రవేత్త జీల్యెరోఁ వాటిని పటాలుగా అచ్చువేశాడు. 1911లో ఫెర్దినాఁ బ్రూనో సొర్బాన్‌లో గొంతుల భాండాగారం తెరిచాడు.

పటాలు వచ్చాక ఒక సంగతి స్పష్టమైంది. పారిస్ మాత్రమే ఫ్రాన్స్ కాదు. అంతకు శతాబ్దం ముందే, 1794లో, మతాచార్యుడు గ్రెగ్వార్ విప్లవ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, రెండు కోట్ల ఎనభై లక్షల జనాభాలో ఫ్రెంచి శుభ్రంగా మాట్లాడగలిగినవాళ్లు ముప్ఫై లక్షలేనని లెక్కగట్టాడు. దక్షిణాదిన ఇంటి భాష ఓక్సితాఁ. దాంట్లో చాలా మాటలు అచ్చులతో ముగుస్తాయి. 1881, 82ల్లో జూల్ ఫెరీ చట్టాలతో ఊరూరా బడులు వచ్చాక అక్కడి పిల్లలకి ఫ్రెంచి పుస్తకం ద్వారానే ఎక్కువగా వచ్చింది. పుస్తకంలో చివర అచ్చు రాసి ఉంది, తమ నోటికి చివరి అచ్చు అలవాటే. పలికారు. ఇప్పటికీ పలుకుతున్నారు. మార్సెయ్‌లో ఒక రొట్టెల కొట్టు ముందు నిలబడి, చిన్న రొట్టెకి బేరమాడే ముసలమ్మ నోట ‘పెతీతె’ అని మూడక్షరాలూ విన్నాను. నాటకశాలలో టిక్కెట్టు కొని వినాల్సింది అక్కడ ఉచితంగా దొరికింది.

మా తాతగారు యానాంలో ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. 1954 జూన్ 13న అక్కడ ఫ్రెంచి పాలన ముగిసింది, తాతగారి ఫ్రెంచి మాత్రం ఆయనతోనే ఉండిపోయింది. మొలియేర్ రాసిన ‘బూర్జ్వా జాఁతీయోం’ నాటకంలో, 1670 నాటిది, పంతులు ఒక కొత్త ధనికుడికి అచ్చులు ఎలా పలకాలో నేర్పే ఘట్టం ఉంది. ‘ఆ’కి నోరు ఎంత తెరవాలి, ‘ఊ’కి పెదవులు ఎంత చాచాలి అని. అంతకు రెండేళ్ల ముందు కోర్దమ్వా అనే తత్త్వవేత్త వేసిన పుస్తకంలోంచి ఆ పాఠం తీసుకున్నాడు మొలియేర్. తాతగారు పడక్కుర్చీలో కూర్చుని అది నాకు చదివి వినిపించేవారు. ఆయన నోట పెతీత్ ‘పెతీతు’ అయ్యేది. మనది అజంత భాష, పొల్లుతో మాట ఆపడం మన నోటికి పట్టదు. ఒకసారి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక అధికారి, మనవాడే, ‘‘ఇది ఫ్రెంచి కాదు, గోదావరి యాస’’ అన్నాడట. తాతగారు ఆ మాట చివరిదాకా మరిచిపోలేదు.

ఆ అధికారి ఇవాళ పారిస్ వెళ్తే కంగుతింటాడు. గత కొన్ని దశాబ్దాలుగా అక్కడి కుర్రకారు, వాక్యం చివర, రాతలో అచ్చు లేని మాటలకి కూడా ఒక చిన్న అచ్చు తగిలిస్తున్నారు. బోఁజూర్ అనాల్సినచోట బోఁజూరె. భాషావేత్తలు దాన్ని నమోదు చేశారు కూడా. ఇంటర్వ్యూలో తప్పుపట్టిన ధ్వని రాజధాని వీధిలో ఫ్యాషనైంది.

నేను క్లాసులో నేర్పేది రెండక్షరాల పెతీతే. పరీక్షలకీ, ఉద్యోగాలకీ అది కావాలి. తెలుగు ‘ఉ’ వదిలించడానికి ఒక చిట్కా చెబుతాను. ‘త్’ అన్నాక నాలుక పళ్లనుంచి తీసేయమంటాను గానీ గొంతు కలపవద్దంటాను. వారంలో వచ్చేస్తుంది. కాని పిల్లలు మొదటిరోజు పెతీతు అన్నప్పుడు ఎర్రసిరా వాడను. సాటి ఫ్రెంచి మాస్టర్లకి, మేడములకి నా విన్నపం కూడా ఇదే. ఆ పిల్లలకి పారిస్ పలుకు నేర్పండి, తప్పకుండా నేర్పండి. దానితోపాటు చివరి అచ్చుని తేలిక చేసుకుని పలికితే అది మార్సెయ్‌లో చెల్లుతుందని, రసీన్ నాటకంలో అయితే పలకకపోతేనే తప్పని కూడా చెప్పండి.